ఒంటికి రాకపోవడం తలరాత కాదు

పాము కరిచి పోయాడంటారు. వాంతులు, భేదులై పోయాడంటారు. కాన్పయినాక రక్తం పోయి చచ్చిపోయిందంటారు. మాలగేరిలో, మాదిగగేరిలో చావుకు చెప్పే కారణాలు ఇంతటితో ఆగిపోతాయి. ఇట్లాంటి చావుల్లో కొన్నింటిలో మనిషి ప్రాణం తీసేది కిడ్నీలు ఆగిపోవడం. రెండు రోజులుగా ఒంటికి రాలేదని ఇంట్లో ఆడవాళ్లకు తెలుసు. ఆస్పత్రిలో ఎవరూ అడగరు. అడగందే చెప్పడానికి మనవాళ్లకు సిగ్గు.

కిడ్నీ రోగమంటే ఇప్పుడు అందరికీ శ్రీకాకుళం ఉద్దానం గుర్తొస్తుంది. అది ఏళ్ల తరబడి నిదానంగా తినే రోగం. అట్లా చెడిన కిడ్నీ తిరిగి రాదు. మేము చెప్పేది వేరే. దీన్ని డాక్టర్లు అక్యూట్ కిడ్నీ ఫెయిల్యూర్ అంటారు. ఇది గంటల్లో, రోజుల్లో వస్తుంది. మొన్నటిదాకా చేన్లో పని చేసిన మనిషికి వస్తుంది. సమయానికి వైద్యం అందితే చాలామందిలో కిడ్నీలు మళ్లీ పనిచేస్తాయి. బతకాల్సిన మనిషి చస్తున్నాడు గనకే మా కోపం.

డోన్ చుట్టూ దీని దెబ్బ ఎవరి మీద పడుతుందో చూడండి. బేతంచెర్ల దోవన నాపరాళ్ల గనుల్లో ఎండకు బండ తీసే కూలోళ్లు. వేరుశనగ చేన్లో కలుపు తీసే ఆడోళ్లు. సుగ్గికి గుంటూరు పోయి మిరప కోసే కుటుంబాలు. నీళ్లు తాగితే ఒంటికి పోవాల, పోవడానికి చాటు లేదు, అందుకని ఆడోళ్లు నీళ్లే తాగరు. పొద్దుగూకితే ఒళ్లు నొప్పులని ఆర్ఎంపీ దగ్గర నొప్పుల సూది. నీళ్లు ఎండిన ఒంట్లో ఆ మందు పడితే కిడ్నీకి పోయే రక్తం తగ్గిపోతుంది. దానికి తోడు వాంతులు, భేదులు పట్టుకుంటే చెప్పేదేముంది? 1927లో మహద్ చెరువు కాడ బాబాసాహెబ్ నీళ్ల కోసం నిలబడ్డాడు. మన గేరికి ఇప్పుడు పైపు వచ్చింది, కానీ చాలాచోట్ల మురుగు కాలవలోంచి వచ్చింది.

ఇక పాము. ఆసామి తోటకు రాత్రిపూట నీళ్లు కట్టేది ఎవరు? చెప్పుల్లేని కాళ్లతో, లైటు లేకుండా గట్టు మీద నడిచేది ఎవరు? రక్తపింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనీయదు, కిడ్నీని చెడగొడుతుంది. దీన్ని పట్టుకోవడానికి పెద్ద మిషను అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా పెట్టి, వంచి చూడాల. గడ్డకట్టలేదంటే విషం ఎక్కినట్టే. వెంటనే విరుగుడు మందు ఎక్కించాల. ఈ పని పీహెచ్‌సీలో జరగొచ్చు. మంత్రం దగ్గర, పసరు దగ్గర పోయే గంటలే కిడ్నీని చంపుతున్నాయి. గుడ్డతో బిగించి కట్టొద్దు, కోయొద్దు, కరిచిన కాలు కదపకుండా 108కి ఫోన్ చేయండి.

ఒక మాట మధ్యలో చెప్పాల. ఆ విరుగుడు మందు తయారీకి పాము విషం తీసి ఇచ్చేవాళ్లలో తమిళనాడులోని ఇరుల గిరిజనులు ముఖ్యులు. 1978లో సొంతంగా సహకార సంఘం పెట్టుకున్నారు. దేశమంతా బతికే మందు అడుగున ఉన్నోళ్ల చేతుల మీదుగా వస్తుంది. అడుగున ఉన్నోళ్లకే చివరికి అందుతుంది.

ఆస్పత్రిలో చేరినాక పల్లెను భయపెట్టేది డయాలసిస్ అనే మాట. ఒకసారి పెడితే చచ్చేదాకా పెట్టాలని ఎవరో చెబుతారు, రోగిని ఎత్తుకుని ఇంటికొచ్చేస్తారు. ఈ రోగంలో అట్లా కాదు. కిడ్నీ కోలుకునేదాకా, కొన్ని రోజులో కొన్ని వారాలో, దాని పని మిషను చేస్తుంది. ఆ మిషను కొత్తదేమీ కాదు, 1943లోనే హాలండులో కోల్ఫ్ అనే డాక్టరు తయారు చేశాడు. అందరికీ డయాలసిస్ అవసరం రాదు కూడా. కొందరికి సెలైను, మరికొందరికి చెడ్డ మందు ఆపడం, చీముకు మందు ఇవ్వడం సరిపోతుంది. ఎవరికేది కావాలో డాక్టరు తేల్చాల, అదీ తొందరగా తేల్చాల. ఆరోగ్యశ్రీ పేరుతో 2007లో మొదలై, 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన పథకంలో డయాలసిస్ ఉంది. కార్డు దగ్గర పెట్టుకోండి.

ప్రేమతో చేసే హాని ఒకటుంది. ఒంటికి రాని మనిషికి కొబ్బరినీళ్లు, పండ్ల రసం తాపుతారు. వాటిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ ఆగినప్పుడు అది బయటికి పోదు, గుండెను ఆపేస్తుంది. డాక్టరు చెప్పేదాకా తాపొద్దు.

2013లో ప్రపంచ కిడ్నీ డాక్టర్ల సంఘం ఒక మాట అనుకుంది: 2025 నాటికి ఈ రోగంతో, వైద్యం అందక, ఎవరూ చావకూడదని. ఆ ఏడాదీ వచ్చిపోయింది. 2022లో డోన్ కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి పోయింది. జిల్లా మారినా మనకు నంద్యాల కన్నా కర్నూలే దగ్గర, అదీ 50 కిలోమీటర్ల పైమాటే. ఆ దూరం ప్రాణాలతో దాటాలంటే మొదటి వైద్యం దగ్గర్లోనే జరగాల.

కాబట్టి సంఘాలోళ్లు మీ పీహెచ్‌సీకి పోయి అడగండి: పాము విరుగుడు మందు ఎన్ని సీసాలుంది, గడువు ఎప్పటిదాకా, రాత్రిపూట ఇచ్చేదెవరు? డోన్ ఆస్పత్రిలో క్రియాటినిన్ పరీక్ష ఏ వేళకైనా చేస్తారా? డయాలసిస్ మిషన్లు ఎన్ని, పనిచేసేవి ఎన్ని? జవాబు కాగితం మీద తీసుకోండి. ఒక్కరే పోవద్దు, గేరి నుంచి పదిమంది పోండి, ఆడోళ్లను ముందు పెట్టుకుని పోండి.