మన ఇళ్లలో విలేకరి ఏడీ?

మగ్రిబ్ నమాజు ముగిసి ఇషా అజాన్ వినిపించేదాకా ఉండే ఆ గంటా గంటన్నర కాలం ఎలమంచిలి వంటి చిన్న పట్టణాల్లో విద్యార్థులది. అనకాపల్లి, విశాఖపట్నం కళాశాలలకు వెళ్లిన పిల్లలు సాయంకాలపు రైలు దిగి వస్తారు. అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్టు ముగించినవారు కంపెనీ బస్సు దిగి వస్తారు. టీ కొట్టు బల్ల చుట్టూ ఐదారుగురు చేరతారు. మేమూ ఒకప్పుడు ఆ బల్ల మీద కూర్చున్నవారమే. ఇప్పటికీ సెలవులకు ఊరు వస్తే మా కాళ్లు అటే తీసుకుపోతాయి.

మాటలు ఎప్పుడూ ఒకే వరుసలో సాగుతాయి. ముందు పరీక్షలు, ఇంకా రాని ఫీజు రీయింబర్స్‌మెంటు, క్రికెట్టు. ఆ తర్వాత ఎవరి మామయ్యో గల్ఫ్ నుంచి పంపిన వీసా కబురు. చివరికి మాట తప్పకుండా ఒక్కచోటికే వచ్చి ఆగుతుంది: "మన గురించి ఇవాళ ఏం రాశారో చూశావా?" ఎవరో ఫోను తీసి ఒక వీడియో చూపిస్తారు. ఆ వీడియో ఏ ఊరిది, ఏ ఏటిది, ఎవరు తీశారు అని అడిగినవాడు మా కాలంలో లేడు, ఇప్పుడూ అరుదే. వార్త చేతికి వస్తే ముందు నిర్ధారించుకోవాలన్నది మన ధర్మం చిన్ననాడే నేర్పిన పాఠం. ఆ పాఠం మదరసాలో అప్పజెప్పి, టీ కొట్టు దగ్గర మరిచిపోతున్నాం.

ఆ బల్ల చుట్టూ ఉన్నవారి చదువులు లెక్క వేసి చూశాం. బీటెక్, ఫార్మసీ, డిగ్రీ, ఐటీఐ. పత్రికా రచన చదివేవాడు ఒక్కడూ లేడు. విశాఖలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం ఉంది. హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ ఉంది. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు నవ్వారు. పెద్దలు నవ్వలేదు, భయపడ్డారు.

పత్రికలు మన నిజం రాయవని మన ఫిర్యాదు. అది అబద్ధం కాదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. పేలుడులో 9 మంది, ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పుల్లో 5 గురు చనిపోయారు. చనిపోయినవారు ముస్లిములే, ఆ తర్వాత పట్టుబడిన యువకులూ ముస్లిములే. వారిలో యునానీ వైద్యం చదువుతున్న విద్యార్థి కూడా ఉన్నాడు. పోలీసులు చెప్పిందల్లా మరునాడు పెద్ద అక్షరాల్లో అచ్చయింది. యువకులను అక్రమంగా నిర్బంధించి హింసించారని తేల్చింది ఏ దినపత్రికా కాదు; రాష్ట్ర మైనారిటీ కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ నివేదిక. న్యాయస్థానంలో వారు నిర్దోషులుగా బయటపడ్డారు. 2012లో ప్రభుత్వం 70 మందికి 70 లక్షల రూపాయల పరిహారం ఇచ్చింది. 2013లో ఆ ఉత్తర్వును హైకోర్టు కొట్టివేసింది. అసలు కేసులో 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ న్యాయస్థానం ఐదుగురు నిందితులనూ నిర్దోషులుగా విడిచిపెట్టింది. మరి బాంబు పెట్టిందెవరు?

అదే 2007 సంవత్సరం ఆగస్టులో మన విశాఖ మన్యంలోని వాకపల్లిలో పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు పోలీసు బలగాలపై అత్యాచారం ఆరోపణ చేశారు. 2023లో న్యాయస్థానం పోలీసులను నిర్దోషులుగా వదిలిపెడుతూ, దర్యాప్తు సరిగా సాగలేదని చెప్పి, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. అదే 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నంలోని వసతిగృహంలో ఫార్మసీ విద్యార్థిని ఆయేషా మీరా హత్యకు గురైంది. సత్యంబాబు అనే పేద యువకుణ్ణి దోషిగా నిలబెట్టారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. అంతటితో అతని యవ్వనం తిరిగి రాలేదు, ఆయేషా తల్లికి జవాబూ దొరకలేదు.

ఒక మసీదు, ఒక ఆదివాసీ గూడెం, ఒక ఆడపిల్లల హాస్టలు. మూడింటిలోనూ దర్యాప్తు చేయవలసినవారు చేయనప్పుడు, ఆ పని మరొకరు స్వతంత్రంగా చేయాలి. కాగితాలు వెతకాలి, సాక్షుల ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లాలి, పోలీసు చెప్పిన సమయానికీ రైలు వచ్చిన సమయానికీ పొత్తు కుదురుతుందో లేదో చూడాలి. పరిశోధనాత్మక పాత్రికేయం అంటే ఇంతకంటే ఘనమైనదేమీ కాదు. ఇంతకంటే కష్టమైనదీ మరొకటి లేదు.

ఇది ముస్లిముల గొడవ మాత్రమే అనుకుంటే పొరపాటు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. తన ఉత్పత్తి పరిమాణానికి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని ఆ కంపెనీయే అంతకు ఏడాది ముందు, 2019 మే నెలలో, ప్రమాణపత్రంలో రాసి ఇచ్చింది. విలేకరులు దాన్ని వెలికితీసి ప్రచురించింది శవాలు లేచిన తర్వాత. ఏడాదిపాటు ఆ కాగితం దస్త్రంలో నిద్రపోయింది. ఒక్క విలేకరి ముందే దాన్ని చదివి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం; చదవకపోతే ఏమైందో మాత్రం చూశాం. 2024 ఆగస్టు 21న మా అచ్యుతాపురంలోనే ఎసెన్షియా ఫార్మాలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. ఆ రోజు సాయంకాలం టీ కొట్టు దగ్గర ఎవరూ క్రికెట్టు మాట్లాడలేదు. సెజ్‌లో పనిచేసే మిత్రుడొకడు మాత్రం తన కర్మాగారంలో ఏ వాల్వు కారుతోందో, ఏ అలారం మోగదో మెల్లగా చెప్పుకొచ్చాడు. అందరం విన్నాం. ఎవరమూ రాసుకోలేదు. మాకు ఈనాటికీ సిగ్గు కలిగించే సంగతి అదే.

పెద్దల భయం గురించి చెప్పాలి. అది ఉత్త పిరికితనం కాదు. కేరళకు చెందిన సిద్దిఖ్ కప్పన్ హత్రాస్ వెళుతూ 2020 అక్టోబరు 5న అరెస్టయ్యాడు. సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో బెయిలు ఇచ్చినా, జైలు గేటు దాటేసరికి 2023 ఫిబ్రవరి వచ్చింది. మన పొరుగున బస్తర్‌లో రోడ్డు కాంట్రాక్టు అవినీతిని బయటపెట్టిన ముకేశ్ చంద్రాకర్ శవం 2025 జనవరిలో సెప్టిక్ ట్యాంకులో దొరికింది. ఇవి విన్న ఏ తల్లి తన బిడ్డ చేతికి కలం ఇస్తుంది? పైగా చిన్న పట్టణాల్లో విలేకరి బతుకెలాంటిదో అందరికీ తెలుసు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలోనే ఈనాడు పుట్టింది. జిల్లా అనుబంధాలు వచ్చాక మండలానికో విలేకరి తయారయ్యాడు. అంత మేరకు మేలే. కాని ఆ విలేకరులలో చాలామందికి నెల జీతం లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి వచ్చే కొద్దిపాటి పైకం, దాని మీద ప్రకటనలు తేవలసిన భారం. పండుగకు ప్రకటన ఇచ్చిన పెద్దమనిషి మీదే పరిశోధన చేయమంటే అతడెలా చేస్తాడు?

అందుచేత ఉద్యోగం దొరకదు కనుక ఈ చదువు వద్దనేవారి వాదనలో సగం ఒప్పుకుంటాం. మిగిలిన సగం ఒప్పుకోలేం. పరిశోధన చేయడానికి ముందు పత్రికలో ఉద్యోగం కావాలన్న నియమం లేదు. 2005 అక్టోబరు 12 నుంచి సమాచార హక్కు చట్టం అమల్లో ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు చేస్తే రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించినదైతే 48 గంటల్లోనే. లాకప్‌లో ఉన్న కుర్రవాడి అన్నకు ఈ చివరి వాక్యం తెలిసి ఉండాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ హక్కుకు గండి కొట్టింది. వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాటతో అధికారి తలుపు మూయడానికి ఇప్పుడు వీలు పెరిగింది. ప్రజాప్రయోజనం పేరుతో తట్టడానికి 8(2) సెక్షను ఇంకా మిగిలే ఉంది. ఉన్నంతలో వాడుకోవాలి.

ఇక అసలు చేదు మాట. మన పిల్లలు అడగడం నేర్చుకుంటే మొదటి ప్రశ్న ప్రభుత్వానికి కాదు, మనకే పడవచ్చు. 2006లో సచార్ కమిటీ దేశంలో 4.9 లక్షల వక్ఫ్ ఆస్తులు, 6 లక్షల ఎకరాల భూమి ఉన్నట్లు లెక్క చెప్పింది. ఆ భూములన్నీ పరాయివాళ్లే కాజేశారా? కాదని మన గుండెకు తెలుసు. 2025 నాటి వక్ఫ్ సవరణ చట్టాన్ని మేము వ్యతిరేకిస్తాం. అయితే మన లెక్కలు మనమే సరిగా రాసుకొని ఉంటే, పోర్టల్‌లో నమోదు చేయమన్న నాడు కాగితాల కోసం ఇంతమంది ముతవల్లీలు తడబడేవారు కారు.

ఇంటివారిని ప్రశ్నించినందుకు ప్రాణం ఇచ్చినవాడు మనలో ఉన్నాడు. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్ల ఆగడాలను ఉర్దూలోనే, హైదరాబాదు నడిబొడ్డునే రాశాడు. 1948 ఆగస్టులో కాచిగూడ దగ్గర అతణ్ణి చంపి, రాసిన చేతిని నరికారు. అప్పటికి అతనికి ముప్పై ఏళ్లయినా నిండలేదు. మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు? మన ఇళ్లలో ఎంతమందిమి చెప్పాం?

మొన్నటి సెలవుల్లో ఆ బల్ల దగ్గర ముగ్గురు పిల్లలు ఒక తెల్లకాగితం ముందేసుకొని కూర్చున్నారు. పక్క మండలంలోని ఒక ఖబరస్తాన్ భూమి సర్వే నంబరు, విస్తీర్ణం, ప్రస్తుతం అనుభవంలో ఉన్నవారి వివరాలు కోరుతూ తహసీల్దారు కార్యాలయానికి దరఖాస్తు. ఊరి పేరు ఇక్కడ అనవసరం. వాక్యం కుదరక రెండుసార్లు చింపారు. మూడోసారి మేమూ ఒక చెయ్యి వేశాం. మరునాడు దరఖాస్తు చేరింది, 5 రూపాయల రసీదు వచ్చింది. వారం తిరగకుండానే ఒక పెద్దమనిషి ఆ పిల్లల్లో ఒకడి ఇంటికి వెళ్లి, "చదువుకునే పిల్లలకు ఇదంతా ఎందుకు భాయ్?" అని తండ్రిని అడిగి వచ్చాడు. వచ్చినవాడు అధికారి కాదు, మనవాడే.

ఆ తండ్రి ఆటో నడుపుతాడు. ఆయన ఆ రాత్రి కొడుకును ఏమీ అనలేదట. రసీదు ఎక్కడ పెట్టావని మాత్రం అడిగి, తీసుకొని, తన బండి కాగితాలతో కలిపి దాచాడు. ముప్పై రోజులు ఇంకా నిండలేదు.