పాట ఎవరిదో అడిగి రాసుకుందాం

2021లో 'లవ్ స్టోరీ' సినిమా పాటలొచ్చాయి. అందులో 'సారంగ దరియా'కి రచయిత సుద్దాల అశోక్‌తేజ, సంగీతం పవన్ సిహెచ్, గొంతు మన గుత్తి మండలం తండాలో పుట్టిన మంగ్లిది. అది తాను పల్లెలో సేకరించి టీవీలో పాడిన పాట అని ఒక గాయని నిలదీసింది. జానపద పల్లవి తీసుకుని చరణాలు తానే రాశానన్నారు సుద్దాల.

విన్న వెంటనే 'దొంగ' అనడం తేలిక. పెద్దోళ్ల మాటే వేదమనడం ఇంకా తేలిక. మేం రెండూ వద్దంటున్నాం. అడగండి: పల్లవి ఏ ఊరిది? చరణం ఎవరు కట్టారు? పలక కొట్టిందెవరు? సాక్ష్యమేది?

కాపీరైట్ చట్టం 52ఎ సెక్షన్ ప్రకారం రికార్డు మీద దాన్ని తయారుచేసినవారి పేరు, హక్కుదారు పేరు, ఏడాది ఉండాలి. పలక కొట్టినోడి పేరు ఆ లెక్కలో లేదు. 2012 సవరణలో వచ్చిన 38బి సెక్షన్, ఆడిందీ పాడిందీ నేనేనని చెప్పుకునే హక్కు కళాకారులకిచ్చింది. రుజువు లేకుంటే ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది.

కరువుకు పిల్లలు బెంగుళూరు పోతే, పాట తెలిసిన అవ్వ ఊళ్లో ఒంటరిగా మిగిలింది. అవ్వతో పాటు సాక్ష్యమూ పోతుంది. సంఘం పిల్లలారా! ఒక నోటుబుక్కు పెట్టండి. పాడినవారు, నేర్పినవారు, వాయించినవారు, ఊరు, తేదీ రాయండి. వాళ్లకే చదివి వినిపించండి. మన పేరు మనం రాసుకోకుంటే, ఆ చోట ఇంకొకరి పేరు పడుతుంది.