గెలిచేదెవరో ముందే చెప్పగలమా?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో బిడ్డలను అమెరికా పంపిన కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నవి. ఒకప్పుడు దుబాయి, మస్కటు ఉత్తరాల కొరకు ఎదురుచూచిన ఇళ్ళకే ఇప్పుడు రాలీ నుండి, డాలస్ నుండి ఫోన్లు వస్తున్నాయి. మార్చి నెల వచ్చిందంటే ఆ ఫోన్లలో ఒక కొత్త మాట వినబడుతుంది. "బ్రాకెట్ నింపిన బాపూ" అంటాడు కొడుకు. కళాశాలల బాస్కెట్‌బాల్ పోటీలలో ఏ జట్టు ఏ జట్టును ఓడిస్తుందో, చివరకు కప్పు ఎవరిదో ముందుగానే ఒక పట్టికలో రాసిపెట్టడమే బ్రాకెట్ నింపడం. చదువుకునే చోటా పనిచేసే చోటా అందరూ నింపుతారు. ఇది వట్టి సరదాయా, లేక జూదమా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. జవాబు చెప్పేముందు ఆ ఆటల పద్ధతి కొంత తెలుసుకోవాలి.

అక్కడ కొన్ని విశ్వవిద్యాలయాలు కలిసి ఒక కూటమిగా ఏర్పడతాయి. దానిని కాన్ఫరెన్స్ అంటారు. చలికాలమంతా ఆ జట్లు తమలో తాము లీగ్ పద్ధతిలో ఆడుకుంటాయి. మార్చిలో ఒక వారం నాకౌట్ పోటీ పెడతారు. ఓడినవాడు ఇంటికి పోవలసిందే. అందులో గెలిచిన జట్టుకు జాతీయ పోటీలో నేరుగా చోటు దొరుకుతుంది. మిగిలిన జట్లు ఎంపిక సంఘంవారి నిర్ణయానికి ఎదురుచూడాలి. 1974 వరకు ఆ ఆశ కూడ లేదు, కూటమికి ఒక్క చోటే. ఆ ఏడు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ ఫైనల్లో మేరీలాండ్ జట్టు అదనపు సమయంలో 103-100 తేడాతో నార్త్ కరోలినా స్టేట్ చేతిలో ఓడింది. దేశంలోని మేటి జట్లలో ఒకటై యుండియు మేరీలాండ్‌కు జాతీయ పోటీలో చోటు లేకపోయింది. ఆ మరుసటి సంవత్సరం నుండి నిబంధన మార్చి, ఒకే కూటమి నుండి ఒకటి కంటే ఎక్కువ జట్లను రానిచ్చారు.

మన దగ్గర అంతర కళాశాలల పోటీలు చూచినవారికి ఈ నాకౌట్ కొత్తది కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల డిగ్రీ కళాశాలలు పూర్వము కాకతీయ విశ్వవిద్యాలయం కింద ఆడేవి, 2008లో శాతవాహన విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత దాని కింద ఆడుతున్నాయి. పొలాస వ్యవసాయ కళాశాల, కోరుట్ల పశువైద్య కళాశాల, నాచుపల్లి ఇంజనీరింగ్ కళాశాల ఇరుగుపొరుగున ఉన్నా, వాటి విశ్వవిద్యాలయాలు వేరు గనుక వాటి పోటీలూ వేరు. ఇంకొక ముఖ్యమైన తేడా కలదు. అమెరికాలో గెలిచిన జట్టే పైకి పోతుంది. మన పద్ధతిలో పోటీలు జరిగేటప్పుడే అన్ని కళాశాలల ఆటగాళ్ళలో మంచివారిని ఏరి, విశ్వవిద్యాలయం జట్టు కట్టి సౌత్ జోన్ పోటీలకు పంపుతారు. కనుక ఒక మంచి కబడ్డీ ఆటగాని కళాశాల మొదటి రోజే ఓడిపోతే, ఏరేవారు అతణ్ణి చూచేది ఆ ఒక్క మ్యాచ్‌లోనే. అతని భవిష్యత్తు ఆ నలభై నిమిషాల మీద నిలుస్తుంది. చీటీలు తీసి జతలు కట్టేటప్పుడు పీ.ఇ.టి. సార్ల ముఖాలు చూడండి, అందులో ఎంత ఆందోళన ఉంటుందో!

ఇక లెక్కకు వద్దాం. ఒక జట్టు ఎంత బలమైనదంటే ఎవరితో ఆడినా పదింట ఎనిమిది సార్లు గెలుస్తుందనుకోండి. కప్పుకు నాలుగు మ్యాచ్‌లు వరుసగా గెలవాలి. ఎనిమిది పదులను నాలుగుసార్లు హెచ్చవేస్తే నూటికి 41 మాత్రమే వస్తుంది. అంటే అందరికంటే మేలైన ఆ జట్టు కప్పు తెచ్చుకోవడం కంటే తెచ్చుకోకపోవడమే ఎక్కువసార్లు జరుగుతుంది. అయినా పట్టికలో ఒక్క పేరే రాయమంటే ఆ పేరే రాయాలి. మిగిలిన వాటిలో దేని వంతూ అంత ఉండదు. మన అంచనా సరియైనదే కావచ్చు, ఫలితం వేరు కావచ్చు. ప్రసంగి గ్రంథము తొమ్మిదవ అధ్యాయము చదివినవారు ఈ మాటకు ఆశ్చర్యపడరు.

జాతీయ పోటీ పట్టిక సంగతి చెప్పనే అక్కరలేదు. అందులో ముఖ్యమైన ఆటలు 63. వాటిని నింపే విధాలు సుమారు 92 వేల కోట్ల కోట్లు! 2014లో, పట్టిక అంతా తప్పు లేకుండా నింపినవారికి వంద కోట్ల డాలర్లు ఇస్తామని ఒక సంస్థ ప్రకటించింది. దానికి హామీగా నిలిచింది ధనవంతుడైన వారెన్ బఫెట్ కంపెనీ. ఎవరికీ ఇవ్వవలసిన పని పడలేదు. 2019లో ఒహాయో రాష్ట్రంలో ఒకాయన వరుసగా 49 ఆటలు సరిగా చెప్పి 50వ దానిలో తప్పాడు.

2024 మార్చిలో జరిగిన ఒక సంగతి మా మనసును బాగా పట్టుకున్నది. నార్త్ కరోలినా రాష్ట్రంలో డ్యూక్, నార్త్ కరోలినా, నార్త్ కరోలినా స్టేట్ అని మూడు విశ్వవిద్యాలయాలున్నవి. మన మూడు ఊళ్ళకంటే అవి ఒకదానికొకటి దగ్గర. అక్కడి రాలీ, కేరీ పట్టణాలలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఏడు స్టేట్ జట్టు లీగ్‌లో చివరి నాలుగు ఆటలూ ఓడి, పదిహేను జట్లలో పదవ స్థానంతో నాకౌట్‌కు వచ్చింది. కప్పు కావాలంటే అయిదు రోజులలో అయిదు ఆటలు గెలవాలి. ఒక్కొక్క ఆటలో పదింట నాలుగు వంతుల అవకాశం ఇచ్చినా, అయిదూ గెలిచే అవకాశం నూటికి ఒకటే. మంగళవారం లూయీవిల్, బుధవారం సిరక్యూస్, గురువారం డ్యూక్ ఓడిపోయాయి. శుక్రవారం వర్జీనియాతో ఆట ముగియడానికి అయిదు క్షణాలున్నప్పుడు స్టేట్ మూడు పాయింట్లు వెనుకబడి ఉన్నది. వర్జీనియా కుర్రవాడు ఒక్క ఫ్రీ త్రో వేస్తే ఆట ముగిసినట్లే. అది తప్పింది. స్టేట్ ఆటగాడు చివరి క్షణంలో దూరం నుండి విసిరిన బంతి బోర్డుకు తగిలి బుట్టలో పడింది. అదనపు సమయంలో స్టేట్ గెలిచింది. శనివారం మొదటి స్థానంలో ఉన్న నార్త్ కరోలినాను 84-76తో ఓడించి, 1987 తరువాత మొదటిసారి ఆ కప్పు తెచ్చుకుంది. ఆ ఊపులోనే జాతీయ పోటీలో చివరి నాలుగు జట్లలో ఒకటిగా నిలిచింది.

ఆ ఫ్రీ త్రో తప్పిన కుర్రవాని గూర్చి మేము చాలాసేపు ఆలోచించాం. ఎందుకంటే ఆ వారమే అక్కడ మరొకటి మొదలైంది. ఆ పోటీకి ముందురోజు, 2024 మార్చి 11న, నార్త్ కరోలినాలో సెల్‌ఫోను మీద ఆటల పందేలు చట్టబద్ధమైనవి. 2018లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఒక్కొక్క రాష్ట్రమే తలుపులు తెరుస్తూ వచ్చింది. అంతవరకు కాగితం మీద పేర్లు రాసుకొని నవ్వుకున్నవారి చేతికి డబ్బు పెట్టే మీట దొరికింది. డబ్బు పోయినవారు ఊరుకుంటారా? బంతి తప్పిన కుర్రవానికి బూతులు, బెదిరింపులు పంపుతున్నారు. అతడు జీతం తీసుకొనే పెద్ద ఆటగాడు కాదు, ఇరవై యేండ్ల విద్యార్థి. ఒక్కొక్క ఆటగాని మీద విడిగా కట్టే పందేలను నిషేధించండని ఆ నెలలోనే కళాశాలల క్రీడాసంస్థ అధ్యక్షుడు రాష్ట్రాలను కోరవలసి వచ్చింది.

ఇప్పుడు తల్లిదండ్రుల ప్రశ్నకు జవాబు. పేర్లు రాసి, ఎవరి అంచనా నిజమైందో చూచుకొని నవ్వుకుంటే అది ఆటే. అట్టి కబురు చెప్పే కొడుకును ఆపవద్దు, ఎవరి పేరు రాశావని అడగండి. ఆఫీసులో తలా పది డాలర్లు వేసుకొనే అలవాటు కూడ ఉన్నది. చిన్నమొత్తమైనా అది పందెమే. పట్టిక నింపి డబ్బు మాత్రం వేయవద్దని చెప్పండి. ఫోనులో పందేల యాప్ ఉంటే దానిని తీసివేయమని సూటిగా చెప్పవలసిందే.

ఇది సముద్రం అవతలి సంగతి మాత్రమే కాదు. ఐ.పి.ఎల్. వచ్చినప్పుడు మన సందులలో ఏం జరుగుతుందో అందరికీ తెలిసినదే. తెలంగాణలో 1974 నాటి జూద చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడ అందులో చేర్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం ఉన్నా దొంగదారులు ఉంటాయి. బీడీలు చుట్టిన తల్లి కూలి, మరమగ్గం మీద రాత్రి షిఫ్టు చేసిన తండ్రి కూలి, గల్ఫ్ నుండి అన్న పంపిన పైసలు ఆ దారిన పోతే ఇంట్లో చాలారోజుల వరకు తెలియదు. కొడుకు ఫోను బోర్లించి పెట్టడం, స్నేహితుల దగ్గర చేబదుళ్ళు తీసుకోవడం, ఆట ముగిసిన రాత్రి అన్నం తినకపోవడం చూస్తే తిట్టక ముందు పక్కన కూర్చోబెట్టి ఎంత పోయిందో అడగండి. పోయినది తిరిగి రాబట్టుకుందామని మళ్ళీ కట్టేవాడే పూర్తిగా మునుగుతాడు. నూటికి 41 లెక్క అతనికి ఆ రోజే కాగితం మీద వేసి చూపండి.

మరుసటి సంవత్సరం ఏమైందని అడిగేవారుంటారు. 2025 మార్చిలో డ్యూక్ గెలుస్తుందని ఎక్కువమంది రాశారు. పోటీ మధ్యలో ఆ జట్టు మేటి ఆటగాని చీలమండ బెణికింది, అయినా డ్యూకే గెలిచింది. నార్త్ కరోలినా స్టేట్ పేరు ఆ ఏడు పట్టికలోనే లేదు. పద్దెనిమిది జట్లలో మొదటి పదిహేనింటికే ప్రవేశం, వారు పదహారవ స్థానంలో ఆగిపోయారు.