కంప్యూటరు ఫైలుకూ పుష్పిక అవసరం

తాళపత్ర ప్రతులను పరిశీలించేవారికి గ్రంథాంతంలోని పుష్పిక విలువ తెలియనిది కాదు. కృతి పేరు, కర్త, లేఖకుడు, వ్రాత ముగిసిన సంవత్సర మాస తిథులు అనేక ప్రతులలో అక్కడే లభిస్తాయి. ప్రతి ఏ ఊరు చేరినా ఆ వివరాలు దాని వెంటనే ఉంటాయి. గ్రంథ పరిష్కరణలను కంప్యూటరులో సిద్ధపరచుకుంటున్న మనకు అంతటి సౌకర్యం నేటికీ సమకూడలేదు.

ఎం.ఎస్.డాస్ కాలంలో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, దాని పొడిగింపునకు మూడు అక్షరాలు మాత్రమే ఉండేవి. 1995లో వచ్చిన విండోస్ 95 దీర్ఘనామాలకు అవకాశమిచ్చింది. దానితో భారమంతా పేరు మీదనే పడింది. 'తృతీయాశ్వాసం', 'తృతీయాశ్వాసం సవరించినది', 'తృతీయాశ్వాసం చివరిది' అని మూడు ఫైళ్లుంటే నిజంగా చివరిది ఏదో నిర్ణయించడం దుష్కరం. విండోస్‌లో ఫైలుకు నకలు తీస్తే, నకలు తీసిన తేదీయే దాని జన్మదినంగా కనబడుతుంది. వర్డ్‌లో రచయిత పేరుకు స్థానమున్నా, సాధారణంగా అక్కడ చేరేది ఆ సాఫ్ట్‌వేరులో నమోదైన వినియోగదారుని పేరు. కర్తకూ లేఖకునికీ భేదం పాటించే మన శాస్త్రానికి ఇది సమ్మతం కాదు.

ఇంతకంటె గురుతరమైనది పాఠాంతరాల సమస్య. మార్పు చేసి భద్రపరచగానే పూర్వపాఠం తుడిచిపెట్టుకొని పోతుంది. తానే భద్రపరచే యంత్రం విద్యుత్తు పోయినప్పుడు రక్షిస్తుంది గాని, నిన్న మనం త్రోసిపుచ్చిన పాఠాన్ని నిలుపదు. ఆ పాఠమే రేపు సాధువని తేలవచ్చును గదా!

ఇది అసాధ్యమైన కోరిక కాదు. 1977లో ప్రకటితమైన వి.ఎం.ఎస్. వ్యవస్థ, భద్రపరచిన ప్రతిసారీ పాత ఫైలును నిలిపి, కొత్తదానికి వరుస సంఖ్య నిచ్చేది. వర్డ్‌లోనూ పూర్వపాఠాలను అదే ఫైలులో దాచుకొనే వీలుండేది. 2007 నాటి వర్డ్‌లో దానిని తొలగించారు. నేడు అంతర్జాల నిల్వలలో ఈ సదుపాయం ఉన్నది. సొంత యంత్రంలోని ఫైలుకు మాత్రం ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకుంటే తప్ప లేదు.

పరిశోధకుడు జాగ్రత్త వహిస్తే చాలదా అని కొందరనవచ్చు. పుష్పిక వ్రాయడం లేఖన సంప్రదాయంలో భాగం కనుకనే అనేక ప్రతులలో నిలిచింది. వ్యక్తుల శ్రద్ధకే విడిచిపెట్టి ఉంటే నిలిచేది కాదు. కావున భద్రపరచే వేళ కృతి, మాతృక, పరిష్కర్త, తేదీ అడిగి ఫైలులోనే పొందుపరచడం, పూర్వపాఠాలను తనంతట నిలపడం సాఫ్ట్‌వేరు ధర్మం కావాలి. విశ్వవిద్యాలయాలు సాఫ్ట్‌వేరు కొనుగోలు చేసేటప్పుడు ఈ రెండింటినీ నియమాలుగా విధించడం అభిలషణీయం.