అటక మీది కంప్యూటరూ, నా పాల లెక్కల పుస్తకమూ

సంక్రాంతి వస్తోందంటే మా కోనసీమలో ఆడవాళ్ళకి ముందు వచ్చేది పండగ కాదండీ, దుమ్ము. పోయినేడాది నెలగంట పట్టగానే అటక దులిపించడం మొదలెట్టాను. పాత ఇత్తడి బిందెలు, తూకం రాళ్ళు, మా అత్తగారి పందిరి మంచం కోళ్ళు, వాటి వెనకాల గోనెపట్టా చుట్టిన ఓ అట్టపెట్టె. పండక్కి ముందే దిగిన మా ఆడపడుచు దాన్ని చూసి, "వదినా, ఇంకా ఈ డబ్బా ఉంచావా! పాత సామాన్ల ఆటో రోజూ వీధిలోకి వస్తూనే ఉంది కదా, ఇచ్చి పారెయ్యక" అంది.

ఇవ్వలేదు. కంప్యూటర్ల మీద ప్రేమతో అనుకునేరు. తప్పు చేసినవాళ్ళకుండే భయంతో.

ఆ కథ చెప్పాలంటే 1988కి వెళ్ళాలి. మా బావగారు అప్పట్లో పుణెలో ఉద్యోగం. సెలవులకి వస్తూ ఓ నల్లటి పెట్టె తెచ్చారు. చూడ్డానికి టైపు మిషన్ మీటలు మాత్రమే ఊడదీసి పెట్టినట్టు ఉండేది. ఇంగ్లండులో సింక్లెయిర్ అనే ఆయన 1982లో తెచ్చిన స్పెక్ట్రమ్ కంప్యూటర్‌ని మన దేశంలో పుణెలోని డెసిబెల్స్ అనే కంపెనీ లైసెన్సు తీసుకుని 'డీబీ స్పెక్ట్రమ్ ప్లస్' పేరుతో అమ్మేది. అదన్నమాట. దానికి తెర ఉండదు, టీవీకి తగిలించాలి. డిస్కు ఉండదు, టేప్‌రికార్డర్‌కి తగిలించాలి. మొత్తం జ్ఞాపకశక్తి 48 కేబీ. పొద్దున్నే మన ఫోన్లకి వచ్చే శుభోదయం గులాబీల ఫొటో ఉంది చూశారా, అది కూడా ఇందులో పట్టదు.

మా వారు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. 1993 వేసవి సెలవుల్లో మా అబ్బాయికి నాలుగేళ్ళప్పుడు, వాడి కోసం దాని మీద ఓ ఆట రాశారు. పేరు 'పంటు'. అప్పటికి ఎదుర్లంక - యానాం వంతెన లేదు, అది 2002లో వచ్చింది. గోదావరి దాటాలంటే పంటే గతి. ఆటలో పంటుని ఎదుర్లంక రేవు నుంచి యానాం రేవుకి చేర్చాలి, మధ్యలో వరదకి కొట్టుకొచ్చే దుంగలు తగలకూడదు. అంతే ఆట. మా వాడు అన్నం తినడం మానేసి ఆడేవాడు. మాకున్నది నలుపు తెలుపు టీవీ. నదికి నీలం, గట్టుకి ఆకుపచ్చ అని ఆయన అంకెలు వేసుకుని రాశారే గానీ, ఆ రంగులు ఆయన కూడా ఏనాడూ చూడలేదు.

ఆ ఆట ఒక క్యాసెట్‌లో ఉండేది. ఎవరూ దాని మీద మళ్ళీ రికార్డు చెయ్యకుండా ఆయన పైనున్న చిన్న ప్లాస్టిక్ పలకలు విరగ్గొట్టారు కూడా. నేనేం చేశానో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆ రోజుల్లో ఇల్లాళ్ళందరికీ తెలిసిన కిటుకే కదా. కాగితం ముక్క మడిచి ఆ కన్నంలో కుక్కి, పక్కింటివాళ్ళ టూ-ఇన్-వన్‌లో అన్నమయ్య కీర్తనలు ఎక్కించేశాను. పెట్టి విన్నాను కూడానండీ, కీచుమని ఒకటే రొద. పాడైపోయిన క్యాసెట్ అనుకున్నాను. ఆ రొదే ఆట అని నాకేం తెలుసు?

ఆయన తిట్టలేదు. "పోన్లే" అన్నారు. ఆ పోన్లే ముప్పై ఏళ్ళు నా చెవిలో ఉంది. తిట్టి ఉంటే ఏనాడో మర్చిపోయేదాన్ని.

ఆ తర్వాత కంప్యూటర్ అటకెక్కింది. 1996 నవంబరు తుఫానుకి పెంకులు లేచిపోయి అటక సగం తడిసింది, పెట్టె ఉన్న మూల తడవలేదు. మళ్ళీ అది వెలుగు చూడ్డం పోయిన పండక్కే.

బెంగుళూరు నుంచి మా అబ్బాయి వచ్చి, పెట్టె చూసి గెంతినంత పని చేశాడు. వాడికి నలభై దగ్గర పడుతోంది, గుర్తుంచుకోండి. అప్పుడు చెప్పాడు, ఇలాంటి పాత యంత్రాల్ని బతికించుకునేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారని. మీటల కింద ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర ఏళ్ళు గడిచేసరికి ఎండి చిట్లిపోతుందట. అలాంటి పొరలు ఇప్పటికీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. మన ఫ్యానుకి కండెన్సర్ పోయినట్టే దాని లోపలి కెపాసిటర్లూ పోతాయి, అవీ మార్చాడు. టేప్‌రికార్డర్ బదులు గోరంత మెమరీ కార్డు పెట్టుకునే అమరిక తెప్పించాడు. కనుమ వెళ్ళిన మర్నాడు హాల్లో టీవీకి తగిలిస్తే, తెల్లటి తెర మీద అడుగున 1982 సింక్లెయిర్ రీసెర్చ్ అని వచ్చింది. మా వారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇక అసలు విషయం. ఆడపడుచు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. పాత గ్రామఫోనుంటే పాత పాటే వింటాం. ఈ పాత డబ్బాలతో ఏం చేస్తారు? మొదట నేనూ అలాగే అనుకున్నాను, చిన్నప్పటి ఆటలే మళ్ళీ ఆడుకుని మురుస్తారు కాబోలు అని. కాదుట. వీళ్ళు కొత్తవి రాస్తున్నారు. 1982 నాటి కమొడోర్ 64 కంప్యూటర్ కోసం 2017లో 'శామ్స్ జర్నీ' అనే కొత్త ఆట వచ్చింది. తొంభైల్లో మన పిల్లలు టీవీకి తగిలించుకుని ఆడిన క్యాసెట్ గేములున్నాయి కదా, వాటి అసలు యంత్రం నింటెండోది. దానికి 2019లో 'మైక్రో మేజెస్' అని ఇంకోటి రాశారు, అదంతా కలిపి 40 కేబీ. మా స్పెక్ట్రమ్‌కైతే 2017లో ఔత్సాహికులే చందాలు పోగేసి 7 లక్షల పౌండ్లకి పైగా కూడబెట్టి, 'నెక్స్ట్' అని కొత్త వారసుణ్ణి తయారు చేయించుకున్నారు. మొదటి పెట్టెకి రూపు దిద్దిన రిక్ డికిన్సనే దీనికీ రూపు గీసిచ్చి, 2018లో పోయారు.

నా ఫోను కొని నాలుగేళ్ళే. ఇక దీనికి కొత్త అప్‌డేట్ రాదు, వేరేది కొనుక్కోండి అంటోంది. అదే 1982లో పుట్టిన యంత్రానికి ఇవాళ కూడా ఎవరో కూర్చుని కొత్త ఆట రాస్తున్నారు. వీటిలో ఏది పాతదో మీరే చెప్పండి.

అందుకే అంటున్నాను, ఇది చెత్త పోగేసుకోవడం కాదు. అలాగని మీ ఇంటాయనకి వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఇల్లు నిండా డబ్బాలు పేర్చి, భార్యకి చీరలు మడతపెట్టుకునే చోటు లేకుండా చేసేవాడి సరదాని నేను సరదా అనను. మా ఇంట్లో ఒక అర ఇచ్చాను, ఒక్కటే. దాని దుమ్ము వాళ్ళే దులుపుకోవాలి. పనిచెయ్యనిది పెట్టకూడదు. ఇంకో మాట కూడా ఉంది. మగవాళ్ళ సరదాకి ఆదివారం పూటంతా దొరుకుతుంది. మన ముగ్గుకి, మన కుట్టుకి పాలు పొంగే లోపు దొరికే పది నిమిషాలే. ఆ లెక్క సరిచెయ్యకుండా 'మీరూ నేర్చుకోవచ్చు కదా' అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

కానీ నేర్చుకున్నానండీ, కొంచెం. అదెలాగో చెబుతాను.

పోయిన ఆట మళ్ళీ రాద్దామని తండ్రీ కొడుకూ కూర్చున్నారు. ఆయనకి సగం గుర్తులేదు. అప్పట్లో ఓ నోటుపుస్తకంలో రాసుకున్నాననీ, అదెక్కడుందో తెలీదనీ అన్నారు. నాకు చటుక్కున వెలిగింది. నేను క్యాసెట్లు పాడుచేస్తానేమో గానీ లెక్కల పుస్తకాలు పారెయ్యను. పెట్టె తీసి చూస్తే 1994 పాల లెక్కలున్న పుస్తకం. అందులో మొదటి రెండు పేజీలూ ఆయనవి, మూడో పేజీ నుంచి 'ఉదయం లీటరు, సాయంత్రం అర' అంటూ నావి. ఆయన పేజీల్లో చిన్న చిన్న గళ్ళు, కొన్ని నింపి కొన్ని వదిలేసి. పక్కన 24, 60, 126, 255 అని అంకెలు. అప్పట్లో నేను అవి ఆయన సరదాగా గీసిన ముగ్గులనుకున్నాను.

తమాషా ఏంటంటే, అవి ముగ్గులే. 8 చుక్కలు, 8 వరసలు. ఆ కంప్యూటర్‌లో ఏ బొమ్మైనా అలాంటి గళ్ళలోనే పట్టాలి. ఒక్కో వరసలో కుడి చివరి చుక్క విలువ 1, దాని పక్కది 2, తర్వాత 4, 8, అలా ఎడమ చివరికి 128. ఎక్కడ చుక్క నింపితే దాని విలువ కలుపుకోవాలి. మధ్యలో రెండు చుక్కలంటే 16, 8 కలిపి 24. వరసంతా నిండితే 255. ఎనిమిది అంకెలు చెబితే ఒక బొమ్మ. ఇది నాకు మా వారు రెండు నిమిషాల్లో చెప్పారు, నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఫోను చేతిలో పట్టుకుని ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాను కదా, దాని లోపల ఏం జరుగుతుందో నాకే కాదు, అందులో ఉద్యోగం చేసే మా అబ్బాయికీ పూర్తిగా తెలీదట. ఈ పాత పెట్టె అలా కాదు. ఒక మనిషి బుర్రలో మొత్తం పడుతుంది. స్విచ్చి వెయ్యగానే ఏం చూపించదు, నువ్వేం చెబుతావో చెప్పు అని ఎదురు చూస్తుంది. బయట కొనుక్కొచ్చిన పులిహోరకీ, పోపు మనం వేసిన పులిహోరకీ తేడా మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇందులో ఆడవాళ్ళు లేరా అంటే, మొదటి నుంచీ ఉన్నారు. అమెరికాలో రాబర్టా విలియమ్స్ అనే ఇల్లాలు, ఇద్దరు చిన్నపిల్లల తల్లి, వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని ఓ ఆట ఊహించింది, బొమ్మలు తనే గీసింది. భర్త దాన్ని ఆపిల్ 2 కంప్యూటర్‌కి ఎక్కించాడు. 1980లో వచ్చిన 'మిస్టరీ హౌస్' అది. మనం కొత్తిమీర పెట్టుకునే జిప్ కవర్లలాంటి వాటిలో పెట్టి అమ్మారు! ఇంగ్లండు బడుల్లో వాడిన బీబీసీ మైక్రో కంప్యూటర్‌కి బేసిక్ భాష రాసింది సోఫీ విల్సన్. 1984 నుంచి మన దేశంలో కొన్ని బడులకి ఇచ్చినవీ ఆ కంప్యూటర్లే. తర్వాత ఆమే స్టీవ్ ఫర్బర్‌తో కలిసి చేసిన ఆర్మ్ చిప్ సంతతే ఇప్పుడు మన ఫోన్లలో ఉంది. ఇక జెరీ ఎల్స్‌వర్త్ అని ఒకామె, తనంతట తానే ఎలక్ట్రానిక్స్ నేర్చుకుని, కమొడోర్ 64 మొత్తాన్ని ఒక్క జాయ్‌స్టిక్‌లో ఇమిడ్చింది. 2004లో 30 ఆటలతో టీవీ షాపింగ్ ఛానెల్లో అమ్మారు దాన్ని.

అటక మీద ఏముండాలో, ఏం పోవాలో తేల్చేది మనమే కదా. కాబట్టి ఈ పండక్కి మీ ఇంట్లో ఇలాంటి పెట్టె కనిపిస్తే, ఆటోవాడికి తూకం వెయ్యకముందు ఒక్కసారి విప్పండి. పక్కన క్యాసెట్లుంటే కీచుమన్నాయని కంగారు పడకండి. ఉంచుకునే చోటు లేకపోతే తీసుకోవడానికి మనుషులున్నారు, ఆనందంగా వస్తారు. పనికిరాదని తేలాక ఇచ్చెయ్యండి, నేనేమీ అనను. నేనూ మొన్ననే పాత మిక్సీ ఇచ్చేశాను.

మా 'పంటు' సంగతి చెప్పలేదు కదూ. వేసవి సెలవుల్లో మా మనవరాలు వచ్చింది, తొమ్మిదేళ్ళు. పంటు బొమ్మ పాల లెక్కల పుస్తకంలోదే. రేవు దగ్గర తెలుగులో 'యా' అని రాయాలంది పిల్ల. 8 చుక్కల్లో 'య' తలకట్టు కూడా పట్టలేదు. నాలుగు గళ్ళు కలిపి ముగ్గు వేసినట్టు వేసి ఇచ్చాను. తెర మీద యాకారం కనిపించగానే మా వారు నా వైపు చూసిన చూపు, అదిలెండి, రాయను.

తర్వాత ఓ చిక్కొచ్చింది. ఆ యంత్రంలో ఒక గడిలో రెండు రంగులే ఉండాలి. పంటు గట్టు దగ్గరికి వెళ్ళగానే అదీ ఆకుపచ్చగా అయిపోతోంది. "తాతా, పంటు చెట్టైపోయింది" అని ఒకటే నవ్వు. ఆయన చాలాసేపు తల గోక్కున్నారు. గట్టుకీ నీటికీ మధ్య ఓ వరస నల్లగా వదిలెయ్యండి, బల్లకట్టు అనుకుందాం అన్నాను. పనిచేసింది.

ఇంకా దుంగలు వెయ్యాలి. కాదు, గుర్రపుడెక్క వేద్దాం నాన్నమ్మా అని దాని పట్టు. కొత్త బొమ్మలకి మొత్తం 21 గళ్ళే ఇస్తుంది ఆ కంప్యూటర్. అందులో ఇంకా ఆరు మిగిలున్నాయి.