కిన్నెరసానికి ఒక గిటారు

మొన్న నెక్కొండలో రైలు లేటయింది. ప్లాట్‌ఫాం మీద కూర్చుని షూబర్ట్ పాటలు విన్నాను. 1823 నాటివి. 20 పాటలు, ఒకే కథ: ఒక కుర్రాడు, ఒక వాగు. పియానో బదులు గిటారుతో కూడా పాడతారు.

వెంటనే విశ్వనాథ 'కిన్నెరసాని పాటలు' గుర్తొచ్చాయి. అత్త ఆరళ్ళు పడలేక అడవిలో వాగైపోయిన కోడలు, కొండైపోయిన మొగుడు. ఆ ఏరు పుట్టేది మా పాత వరంగల్ జిల్లా కొండల్లోనే. పేరులోనే పాటలు, ఆయన పాడి వినిపించేవారు కూడా. 1976లో పోయారు. మనమిప్పుడు చదువుతున్నాం, పాడట్లేదు. రన్ చెయ్యకుండా ప్రింటవుట్ తీసి దాచుకున్న కోడ్ లాగా!

గిటారు మెట్ల మీద గమకం పలకదంటారా? పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్‌కీ మెట్లున్నాయి కదండీ. నా భయమల్లా కార్డ్స్ గురించే. ఎడాపెడా వాయిస్తే రాగం కొట్టుకుపోతుంది. నాలుగు గొంతులు, పొదుపుగా ఒక్క గిటారు చాలు.

కాపీరైటు 2036 చివరిదాకా ఉంది, కాబట్టి అనుమతి తీసుకునే చెయ్యాలి. అయినా అప్పటిదాకా ఆగితే, ఆయన నోట విన్నవాళ్ళు ఎంతమంది మిగులుతారు? వీకెండ్ గిటారు క్లాసులకెళ్ళే మిత్రులారా, ఇంగ్లీషు పాటలయ్యాక దీన్నీ ఒకసారి పట్టి చూడరూ?