చూరు నీళ్లు ఎటు పోతాయి?

సంపాదకులకు,

‘నా జాగా, నా ఇష్టం’ అంటూ పోయిన సంచికలో వచ్చిన లేఖ చూశాను. అది రాసినవారికి ఒక మాట: స్థలం మీదే, గాలీ వెలుతురూ మాత్రం మీ ఒక్కరివే కావు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు అడ్డులేకుండా, హక్కుగా అనుభవించిన వెలుతురు మీద ఆ ఇంటికి హక్కు వస్తుంది. అయితే కాస్త నీడ పడిందని దావాకెళితే నిలవదు, చెప్పుకోదగ్గ నష్టం చూపాలి. అంతవరకు మీ మాట ఒప్పుకుంటాను.

మా ఓడలరేవులో అసలు తగువు వెలుతురుది కాదు, చూరు నీళ్లది. వైనతేయ నది సముద్రంలో కలిసే చోటు మాది. తుపాను రోజుల్లో వాన అడ్డంగా కొడుతుంది. పక్కింటివారు వసారా తీసేసి మా ప్రహరీ దాకా స్లాబు గది వేస్తామని ముగ్గు పోశారు. ఆ నీళ్లన్నీ మా వంటింటి పునాదిలోకే!

నోటీసు ఇవ్వమన్నారు మావాళ్లు. నేను టేపు పట్టుకెళ్లి, ‘బాబాయ్ గారూ, ఒకసారి కొలుద్దాం రండి’ అన్నాను. పోటు గీతకు 500 మీటర్ల లోపలైతే తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలూ చూసుకోవాలని గుర్తుచేశాను. ఆయన ముఖం మాడ్చుకున్నారు, కాఫీ మాత్రం ఇచ్చారు. గది గోడ ముగ్గు రెండడుగులు వెనక్కి జరిగింది. స్లాబు నీళ్ల గొట్టం ఎటు తిప్పాలన్నది ఇంకా తేలలేదు.

— ఒక పాఠకురాలు, ఓడలరేవు